చెక్‌డ్యాంలో నీళ్లు నిలిచిన ఏడు

నడి ఎండాకాలంలో చెక్‌డ్యాం నిండుగా ఉందని మా ఊరివాళ్లు పసుపు కుంకుమలు తెచ్చి కొబ్బరికాయలు కొట్టారు. అందులో ఒక కాయ నాది. మా పాలిష్ ఫ్యాక్టరీ తరఫున, చెప్పులు విడిచి, ఫోటోకు మొహం పెట్టి మరీ కొట్టాను. ఆ ఫోటో ఇప్పటికీ ఎవరో ఒకరి ఫోన్లో ఉండే ఉంటుంది. ఉంటే దయచేసి తీసేయమని మనవి.

నేను రిటైరయ్యాక రాళ్ల ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "సార్, మీ అనుభవం చెప్పండి" అంటారు. వాళ్లకు కావాల్సింది బ్లేడు ఎక్కువ కాలం మన్నాలంటే ఏం చేయాలి, మోటారు కాలకుండా ఎలా చూసుకోవాలి, జీతం పెంచమని యజమానిని ఏ వేళ అడగాలి. అవన్నీ చెబుతాను. చివర్లో ఈ సంగతి కూడా చెబుతాను. వాళ్లు మర్యాదకు వింటారు. మీరు చదువుతున్నారు కాబట్టి మధ్యలో పక్కన పెట్టేసినా నాకు తెలిసే వీలు లేదు. ఇందులో ఎవరి పేరూ రాయను. అందరూ నిక్షేపంగా ఉన్నారు, కొందరితో రోజూ టీ తాగుతాను.

మాది కర్నూలుకూ కడపకూ నడుమ నాపరాయి దొరికే నేల. ఈ రాయి భూమిలో పొరలు పొరలుగా ఉంటుంది. మా నాయన కాలంలో గడ్డపార, సుత్తితో పొర విడదీసేవాళ్లు. మందపు బండ ఇంటి కప్పుకు, పలచటిది నేలకు, వంకరటింకర ముక్క చేను చుట్టూ కంచెకు. పనికిరానిది అంటూ పెద్దగా మిగిలేది కాదు. తర్వాత యంత్రాలు వచ్చాయి. అంచులు సాపుగా కోసి, మొహం చూసుకునేంత నునుపు చేసి, లారీలకెత్తి దూరపు నగరాలకు పంపడం మొదలైంది. కోసేటప్పుడూ రుద్దేటప్పుడూ బ్లేడు వేడెక్కకుండా నీళ్లు పడుతూనే ఉండాలి. ఆ నీళ్లూ రాతిపొడీ కలిసి బూడిదరంగు బురద అవుతుంది. బురద గురించి మీకు ఇంతకన్నా ఎక్కువ తెలియక్కర్లేదు. అప్పట్లో మాకు తెలిసిందీ అంతే.

నేను ఆ ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేరి మేనేజరునయ్యాను. నాతోపాటే చేరిన ఒకాయన కోత యంత్రం నడిపేవాడు. నాకన్నా కాస్త పెద్ద, అందుకని అన్నా అనేవాణ్ని. ఇక్కడ కోతన్న అని రాస్తాను. ఆయన నన్ను పదిమందిలో "సారూ" అని, ఇద్దరమే ఉన్నప్పుడు "అప్పా" అని పిలిచేవాడు. నాకు కోపం తెప్పించాలనుకున్నప్పుడు ఇద్దరమే ఉన్నా "సారూ" అనేవాడు.

యజమానిని అందరం భాయ్ అనేవాళ్లం. వాళ్ల తాత ఎద్దులబండ్ల మీద బండలు అమ్మినవాడు. భాయ్ మంచివాడు. ఈ మాట వెటకారానికి అనడం లేదు. పనివాడికి జబ్బు చేస్తే తన కారులో కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయిన మనిషి. వ్యాపారం పెరగాలన్న ఆశ మాత్రం ఆయనకు పుట్టుకతో వచ్చింది. ఆ ఆశే మా అందరికీ అన్నం పెట్టింది కాబట్టి దాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఇవాళ నేను కూర్చుని ఇది రాస్తున్న వరండాలో పరిచిందీ ఆ ఫ్యాక్టరీ బండే.

ఒక ఏడు భాయ్ కొత్త యంత్రాలు తెప్పించాడు. బ్లేడు పలచన, కాబట్టి పొడి తక్కువ. నీళ్లను తొట్టెలో నిలబెట్టి, బురద అడుక్కి దిగాక పైన తేరిన నీళ్లు మళ్లీ వాడుకునే ఏర్పాటు నేనే దగ్గరుండి కట్టించాను. ఒక చదరపు అడుగు బండ కోయడానికి వాడే నీళ్లు సగానికి తగ్గాయి. బురద కూడా దాదాపు సగమే. గేటు పక్కన పెద్ద బోర్డు రాయించాను, అడుగుకు నీళ్లు ఇంత, కరెంటు ఇంత, బురద ఇంత అని, పాత లెక్కా కొత్త లెక్కా పక్కపక్కన. ఎవరైనా పెద్దమనుషులు వస్తే టీ ఇవ్వకముందు ఆ బోర్డు చూపించేవాణ్ని. దాని ముందు నిలబడితే నేను కాస్త పొడుగైనట్టు ఉండేది.

కోతన్న మాత్రం ఆటపట్టించేవాడు. "సారూ, మిషన్ తక్కువ తాగుతాండాదని బోర్డు రాస్తివి. అది ఎన్ని పూటలు తాగుతాండాదో గూడ రాయల్ల" అనేవాడు. నవ్వేసేవాళ్లం. నిజానికి ఖర్చు తగ్గేసరికి ధర తగ్గించగలిగాం, ధర తగ్గేసరికి ఆర్డర్లు పెరిగాయి, ఒక షిఫ్టు రెండయింది. మమ్మల్ని చూసి చుట్టుపక్కల ఫ్యాక్టరీలూ అవే యంత్రాలు తెచ్చుకున్నాయి. ఊళ్లో కొత్త మిద్దెలు లేచాయి, బస్టాండు దగ్గర హోటళ్లు పెరిగాయి, ఆడపిల్లలు నంద్యాలకు కాలేజీ బస్సెక్కారు. ఇందులో ఏది చెడ్డదని చెప్పమంటారు?

బురదను మాత్రం అందరం ట్రాక్టర్లకెత్తి వంక గట్టున పోసేవాళ్లం. ఆ పని ఎవరూ ఆలోచించి మొదలుపెట్టింది కాదు. వంక అంటే మా దృష్టిలో ఖాళీ జాగా. ఎప్పుడో ఒక వానకు పారుతుంది, మిగిలిన ఏడాదంతా ఇసుకే. పట్టాభూమిలో పోస్తే గొడవ, రోడ్డు మీద పోస్తే గొడవ, వంకలో పోస్తే అడిగేవాడు లేడు. వానొస్తే అది కాస్తా కొట్టుకుపోయేది. కొట్టుకుపోయింది కదా, పీడా పోయింది అనుకునేవాళ్లం. ఎక్కడికి పోయిందో చూసిరావాలని ఎవరికీ తోచలేదు.

ఆ వంక మీద ఊరికి దిగువన చెక్‌డ్యాం ఉంది. దాని కిందనే కోతన్న చేను, చీనీ తోట, ఒక బావి. బత్తాయిని మా వైపు చీనీ అంటారు. ఆ తోట కోసమే ఆయన యంత్రం నడిపేవాడని చెప్పినా తప్పులేదు. షిఫ్టు దిగి ఇంటికి పోకుండా ముందు తోటకు పోయేవాడు. జీతమంతా ఎరువుకూ మందులకూ పెడుతున్నాడని వాళ్లావిడ గొణిగేది కానీ, ఆమె కూడా అక్కడే ఉండేది. చెక్‌డ్యాం కట్టినప్పటి నుంచి ఆ బావి ఎండింది లేదు. పైన నీళ్లు కొన్నాళ్లు నిలిచి ఇంకిపోతే, కింద బావిలో ఊట తేలేది. మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే ఇది.

ఆ సంవత్సరం వానలు బాగానే పడ్డాయి. చెక్‌డ్యాం నిండింది. ఎప్పుడూ సంక్రాంతి నాటికి అడుగంటేది, ఆ ఏడు శివరాత్రికి కూడా తగ్గలేదు. ఉగాదికి కొంగలు వాలాయి. ఎండలు ముదిరినా బర్రెలు మెడలోతు నీళ్లలో పడుకుని కనిపించేవి. ఊరంతా తిరునాళ్లలాగా వచ్చి చూసిపోయారు. గంగమ్మ కరుణించిందన్నారు కొందరు. మా ఫ్యాక్టరీ నీళ్లు పొదుపు చేయడం వల్లనే అని నేను నలుగురితో అన్నాను. భాయ్ ఆ మాటతో ఫ్లెక్సీ కూడా కట్టించాడు. కొబ్బరికాయ సంగతి మొదటే చెప్పాను.

వానలు దండిగా పడే చోటైతే, ఇంకాల్సిన నీళ్లు ఎందుకు ఇంకలేదని ఎవరో ఒకరు అడిగి ఉండేవారు. మేం అడగలేదు. నిలిచిన నీళ్లు కళ్లబడితే చేతులెత్తి దండం పెట్టే జనం మేం. దండం పెట్టినవాడు ప్రశ్నలు వేయడు.

ఆ రోజుల్లోనే ఒక పూట ఇద్దరమే టీ తాగుతుంటే కోతన్న గ్లాసు కింద పెట్టాడు.

"బావిలో మోటరు గాలి పీలుస్తాండాది అప్పా."

"పైన అన్ని నీళ్లు పెట్టుకొని బావి ఎండడమేందన్నా? ఫుట్‌వాల్వ్ చూసుకో, చెత్త పడింటాది" అన్నాను. మెకానిక్ బుద్ధి ఎక్కడికి పోతుంది?

వాల్వ్ చూశాడు. బాగానే ఉంది. నీళ్లే లేవు. పక్క చేన్లవాళ్లు లోతుగా బోర్లు వేసి లాగేస్తున్నారని అనుకున్నాడు, వాళ్లతో మాటామాటా అయింది. ఆ పక్కవాళ్ల బోర్లు కూడా అప్పటికే ఎండిపోయాయని తర్వాత తెలిసింది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే ఒకాయన్ను పిలిపించాడు. చేను మూలన ఆయన చేతిలో కాయ నిటారుగా లేచింది. అక్కడ బోరు వేస్తే తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ట్యాంకరు నీళ్లు పోసి చెట్లను కొన్నాళ్లు కాపాడాడు. గట్టు పైన చెక్‌డ్యాంలో పిల్లలు ఈత కొడుతుంటే, గట్టు కింద ఆయన ట్యాంకరుతో చెట్టు చెట్టుకూ నీళ్లు పట్టేవాడు. ఎవరికీ అది వింతగా కనిపించలేదు. నాకూ కనిపించలేదు.

ఒక ఆదివారం చూసిపోదామని తోటకు వెళ్లాను. ఎగువ వరసల్లో చెట్లన్నీ మొదలంటా నరికి ఉన్నాయి. కోతన్న గొడ్డలి పక్కన పెట్టి నేల మీద కూర్చున్నాడు. కింది వరసల్లో ఆకులు దొన్నెల్లాగా ముడుచుకుని ఉన్నాయి, కాయలు నిమ్మకాయలంత కూడా కాకుండానే రాలుతున్నాయి. వాళ్లావిడ నరికిన కొమ్మలు ఒకచోటికి లాగుతోంది.

"ఈ వరసంతా మా పెద్దోడు పుట్టినేడు నాటినాం అప్పా" అంది ఆమె నన్ను చూసి. "వాడికి పోసినట్టే దీనికీ పోసినాం. నువ్వన్నా చెప్పు, మిగిలినేటివన్నా ఒదిలిపెట్టమని."

"ఒదిలిపెట్టి ఏం పోసేది?" అన్నాడు కోతన్న. "వచ్చే వానకు బావిలో ఊట రాకుంటే మిగతావి గూడ కొట్టేస్తా. సచ్చేదాన్ని దినాము సూస్తా కూసోల్యాను."

నాకు ఏడుపొచ్చింది. ఫ్యాక్టరీలో మనిషి వేలు తెగినప్పుడు కూడా నిబ్బరంగా కట్టుకట్టినవాణ్ని. చెట్ల మొదళ్లు చూస్తే ఆగలేదు. ఆ తర్వాత ఇద్దరం చెక్‌డ్యాం గట్టెక్కి కాళ్లు కడుక్కున్నాం. ఆ నీళ్లు అంత తేటగా ఉండడం చూసి ముచ్చటపడ్డాను కూడా.

ఇదంతా జరుగుతుండగా భాయ్‌కి పెద్ద ఆర్డరు ఖాయమైంది. ఓర్వకల్లు వైపు గుట్టల దగ్గర ఆయనకు మామిడితోట ఉంది, దాని పక్కనే రెండో ఫ్యాక్టరీ పెట్టాలని నిర్ణయించాడు. దానికి అనుమతి కావాలి. పాత ఫ్యాక్టరీ ఎలా నడుస్తోందో చూడడానికి జిల్లా నుంచి ఒక అధికారిణి వస్తుందని కబురొచ్చింది. భాయ్ సంబరపడ్డాడు. "చూపించేదానికి మనకేం తక్కువ మేనేజరూ? నీ బోర్డు ఉండాది, చెక్‌డ్యాం ఉండాది" అన్నాడు.

అదే వారంలో ఇంకో పని కూడా పడింది. ఎండాకాలం చివర చెరువు అంచులు ఆరగానే అడుగున పేరుకున్న ఒండ్రు తవ్వి చేలకు తోలుకోవడం మా వైపు రైతుల అలవాటు. అది బలమైన మట్టి. ఆ ఏడు చెక్‌డ్యాంలో నీళ్లు ఆలస్యంగా వెనక్కి తగ్గడంతో రైతులు తొందరపడుతున్నారు. భాయ్ తన ఖర్చుతో జేసీబీ పెట్టిస్తానన్నాడు. అధికారిణి వచ్చే రోజే ఆ పని మొదలుపెడితే చూడ్డానికి బాగుంటుందని సలహా ఇచ్చింది నేనే. సలహాలివ్వడంలో నేనెప్పుడూ ముందుండేవాణ్ని.

ఆమె పొద్దున్నే వచ్చింది. మా పెద్దమ్మాయి వయసు ఉంటుంది. బోర్డు ముందు నిలబడి శ్రద్ధగా చదివింది, ఫోటో తీసుకుంది. నాకు అదో ఆనందం. తర్వాత అందరం చెక్‌డ్యాం దగ్గరకు పోయాం. ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. మధ్యలో ఇంకా నీళ్లున్నాయి. మొన్నటిదాకా నీళ్లుండి కొత్తగా ఆరిన అంచు దగ్గర జేసీబీ తొట్టి దించింది.

తొట్టి దిగలేదు. గీసుకుంటూ జారిపోయింది. డ్రైవరు ఇంకోసారి గట్టిగా పొడిచాడు. పెద్ద పెళ్ల ఒకటి పలకలా లేచింది. బూడిదరంగు, అంచు నున్నగా, దాదాపు మేం లారీలకెత్తే సరుకులాగానే ఉంది.

"భాయ్, ఇది ఒండ్రు కాదు. బండ" అన్నాడు డ్రైవరు. అందరూ నవ్వారు. భాయ్ కూడా నవ్వాడు.

"ఇంగొంచెం లోతుకు పో" అన్నాడు కోతన్న. ఆయన ఒండ్రు కోసం రాలేదు. షిఫ్టు మధ్యలో నాతోపాటు ఊరికే వచ్చాడు.

తొట్టి ఈసారి లోతుగా దిగింది. పైకి లేచేసరికి మట్టి రాలుతూ దుమ్ము లేచింది. చెరువు అడుగున గుంత తీస్తే ఊట రావాలి. మొన్నటిదాకా నీళ్లు నిలిచిన చోట, ఇంకా నీళ్లు కనిపిస్తున్న చోటికి పదడుగుల ఇవతల, మాకు దుమ్ము వచ్చింది.

కోతన్న ఆ గుంతలోకి దిగాడు. అడుగు మట్టి గుప్పిట్లోకి తీసుకున్నాడు. గుప్పిలి తెరిస్తే గాలికి పోయింది. పక్కన పడిన పెళ్లను తిప్పి చూశాడు, బొటనవేలితో రుద్దాడు. జీవితమంతా ఆ పొడి మధ్య బతికిన మనిషి, దాన్ని గుర్తుపట్టడానికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. నేనూ గుర్తుపట్టాను. ఏళ్ల తరబడి గట్టున పోసిన బురదంతా వానకు ఇక్కడికి వచ్చి, సన్నటి పొడి కాబట్టి నేల సందులన్నీ పూడ్చి, గచ్చు చేసినట్టు పరుచుకుంది. దాని మీద నీళ్లు నిలిచాయి, ఎండకు ఆవిరయ్యాయి. కిందికి చుక్క దిగలేదు.

అధికారిణి నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

"సార్, మీ బోర్డు చూశాను. అడుగుకు బురద సగం చేశారు. కష్టపడ్డారని తెలుస్తోంది. కొత్త యంత్రాలు రాకముందు రోజుకు ఎన్ని అడుగులు కోసేవారు, ఇప్పుడు ఎన్ని?"

"అప్పటిదానికి మూడింతలు దాటింది మేడం."

"అంటే మొత్తం బురద?"

నోటిలెక్కే. సగం చొప్పున మూడింతలంటే ఒకటిన్నర రెట్లకు పైనే. "పెరిగింది" అన్నాను. "మాదే కాదు, చుట్టూ అందరిదీ."

"వంకకు అడుగు లెక్క తెలియదు కదండీ. దానికి వచ్చి పడేది మొత్తమే" అంది. ఎత్తిపొడుపుగా అనలేదు. అలా అని ఉంటే నేను వాదించేవాణ్ని.

కోతన్న గుంతలోంచి పైకొచ్చాడు. భాయ్‌ని తిడతాడేమో అనుకున్నాను, నన్ను తిట్టినా పడేవాణ్నే. "నా చెట్లు నరికింది నా మిషనే అప్పా" అన్నాడు నాతో. పదిమందిలో నన్ను అప్పా అనడం అదే మొదటిసారి. అప్పటికే ఒక ట్రాక్టరులోకి ఆ పెళ్లలు ఎత్తుతున్నారు. ఆయన వెళ్లి దానికి అడ్డం నిలబడ్డాడు. "ఒద్దప్పా. అది చేన్లో ఏసుకుంటే చేను గూడ ఇట్లనే అయితాది. దించేయండి."

ఆ మధ్యాహ్నం భాయ్ అన్నం తినలేదు. సాయంత్రం నన్ను పిలిచి, జేసీబీని ఆపొద్దు, ఆ పొర మొత్తం తీయించి పాత గని గుంతలో పోయించు అన్నాడు. ఒప్పుకోవడానికి ఆయనకు సగంరోజు పట్టింది. నా బోర్డు తీయించడానికి నాకు అంతకన్నా ఎక్కువే పట్టింది.

తర్వాత జరిగింది చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. వానలు వచ్చాయి, చెక్‌డ్యాం నిండింది, వారం తిరక్కుండా ఖాళీ అయింది. ఊరంతా ఫ్యాక్టరీ గేటు దగ్గరకు వచ్చారు. నిండుకుండ లాంటి చెక్‌డ్యాంను జేసీబీ పెట్టి ఓటికుండ చేశారని భాయ్‌ని, నన్ను నోటికొచ్చినట్టు తిట్టారు. కొబ్బరికాయ కొట్టినప్పుడు నా పక్కన నిలబడి ఫోటో దిగిన పెద్దమనిషే ముందు వరసలో ఉన్నాడు. నేల కిందికి పోయిన నీళ్లు కనపడవు కదా, ఎలా నమ్మించడం?

కోతన్న ముందుకొచ్చి అందర్నీ తన బావి దగ్గరకు రమ్మన్నాడు. కొందరు వచ్చారు. మోటరు వేశాడు. పైపు మొదట గాలి కక్కింది, కాస్త ఎర్రనీళ్లు వచ్చాయి, ఆ తర్వాత ధార కట్టింది. వాళ్లావిడ ఆ ధార కింద రెండు చేతులూ పెట్టి అలాగే నిలబడిపోయింది. తిట్టడానికి వచ్చినవాళ్లలో ఒకాయన తన బోరు కూడా వేసి చూసుకుంటానని గబగబా పోయాడు. అప్పటికి ఎగువ తోట పోయింది, దిగువ సగం మాత్రం బతికింది. పోయిన సగం మళ్లీ నాటలేదు. ఆ వయసులో చీనీ మొక్క నాటితే కాపు చూసేదెవరని వాళ్లు అనుకున్నారు. అక్కడ జొన్న వేసుకుంటున్నారు.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను రాసేవాణ్ని కాదు. పాత వంకలో బురద పోయడం అందరం ఆపేశాం, సరే. రెండో ఫ్యాక్టరీ ఆగలేదు. అనుమతి వచ్చింది. యంత్రాలు ఇంకా కొత్తవి, అడుగు లెక్క ఇంకా తగ్గింది. అక్కడ బాధ్యత చూసుకోమని భాయ్ కోతన్నను పిలిచాడు. మంచి జీతం, తోట సగమై ఉన్న మనిషికి అవసరమైన జీతం. బురద పోయడానికి గుట్టల అవతల ఒక చోటు కూడా చూశారు. ఇక్కడికి దూరం, ఎవరికీ ఇబ్బంది లేదన్నారు.

"ఆ గుట్ట కింద ఎవురి బావి ఉండాదో సూసినారా అప్పా?" అని అడిగాడు కోతన్న.

ఎవరూ చూడలేదు. ఇద్దరం నా బండి మీద పోయాం. గుట్ట దిగి వంక వెంట నడిచాం. మలుపు తిరిగాక బావి కనిపించింది, పక్కన వంకాయ, టమాట చేను. ఒకామె పాయలు మళ్లిస్తోంది. తలకు కొంగు చుట్టుకుని, చీర ఎగదోపుకుని ఉంది.

"ఎవురప్పా మీరు? ఏం కావల్ల?" అంది.

"రాళ్ల ఫ్యాక్టరీ వాళ్లం తల్లీ. బావిలో నీళ్లు యాడికి ఉండాయో సూసిపోదామని వచ్చినాం" అన్నాడు కోతన్న.

"శానా ఉండాయి. మా బావి ఎప్పుడూ ఎండల్యా" అంది గర్వంగా. "ఎండన పడి వచ్చినారు, తాగి పోండి." పైపు దగ్గర చెంబు కడిగి నింపి ఇచ్చింది. చల్లగా ఉన్నాయి. కోతన్న తాగి, చెంబు తిరిగి ఇవ్వకుండా దాని వైపే చూస్తూ నిలబడ్డాడు. ఇంకా కావాలేమో అనుకుని ఆమె మళ్లీ నింపింది.

మర్నాడు భాయ్ గదికి ఇద్దరం పోయాం. కోతన్న ఉద్యోగం ఒప్పుకుంటానన్నాడు. ఒకటే షరతు పెట్టాడు.

"బురద గుట్ట అవతల ఒద్దు భాయ్. ఆడ ఒకాయమ్మ బావి ఉండాది. మీ మామిడితోట పైపక్కన పోద్దాం."

భాయ్ నవ్వబోయి ఆగాడు. "నా బోరు మీదనా? అది మా అమ్మీ నాటించిన తోట. తెలుసు కదా నీకు?"

"తెలుసు భాయ్. అందుకే చెప్తాండా. ఆయమ్మ బావి మీద పోస్తే మీరు ఎప్పుడన్నా మర్చిపోతారు, నేను గూడ మర్చిపోతా. మీ తోట మీదైతే మీరు మర్చిపోరు."

నేను సలహాల మనిషిని కదా, ఆ రోజు మాత్రం నోరు తెరవలేదు. భాయ్ మమ్మల్ని పొమ్మన్నాడు. కొన్నాళ్లు కోతన్నతో మాట్లాడలేదు కూడా. ఉద్యోగం వేరేవాళ్లకు ఇస్తాడనుకున్నాం. తర్వాత ఒక పొద్దున ఇద్దర్నీ కారెక్కించుకుని మామిడితోటకు తీసుకుపోయాడు. బోరు దగ్గర నిలబడి చుట్టూ చూశాడు. "సరే, ఈడ్నే కట్టండి" అన్నాడు. "కింద ఏమేస్తే చుక్క దిగదో అది ముందు ఎయ్యండి. ఖర్చు నన్ను అడగొద్దు."

నా ఉద్యోగంలో నేను చూసిన బురద తొట్లన్నిట్లో గట్టిది అదే. ఏ తనిఖీకీ భయపడి కట్టింది కాదు. నాలుగు గోడలు, అడుగున మందపు గచ్చు, పైన వాననీళ్లు దిగకుండా కప్పు. భాయ్ వారానికోసారి బోరు నీళ్లు తానే పట్టి, గ్లాసు వెలుతురుకెత్తి చూసేవాడు. బురద ఆరాక ఇటుకలు చేసేవాళ్లకు ఇచ్చేవాళ్లం. వాళ్లు ఎత్తుకుపోయినంతే చోటు ఖాళీ అయ్యేది.

నేను రిటైరవడానికి కొద్దిముందు, రెండు ఫ్యాక్టరీలూ చూసుకుంటున్న రోజుల్లో, వానలు ఎడతెరిపి లేకుండా పట్టాయి. ఇటుకలవాళ్ల పని ఆగింది, వాళ్ల లారీలు రాలేదు. తొట్టిలో బురద అంచుదాకా వచ్చింది. అప్పుడే ఒక నగరం నుంచి పెద్ద ఆర్డరు, లారీలు వచ్చి గేటు బయట నిలబడ్డాయి. పాత రోజుల్లో అయితే ట్రాక్టరు పిలిచి వంకకు తోలేవాళ్లం, అరగంట పని. నేను తొట్టి చూసి భాయ్‌కి చెప్పాను. ఆయన గొడుగు వేసుకుని వచ్చి, గోడ మీదుగా లోపలికి చూసి, ఇటు తన మామిడిచెట్ల వైపు చూశాడు.

"మిషన్లు ఆపేయండి" అన్నాడు.

నా జీవితంలో యంత్రాలు ఎన్నోసార్లు ఆగడం చూశాను. కరెంటు లేక ఆగాయి, ఆర్డర్లు లేక ఆగాయి, సమ్మె వస్తే ఆగాయి. ఇందుకు ఆగడం ఎప్పుడూ చూడలేదు. కొనుగోలుదారు ఫోనులో అరుస్తున్నది మాకు బయటికి వినిపిస్తోంది. భాయ్ చివరిదాకా విని అన్నాడు: "రాయి ఉండాది, కరెంటు ఉండాది, పనోళ్లు ఉండారు. బురద పెట్టేదానికి జాగా లేదు సార్. జాగా వచ్చేదాకా మీరు ఆగల్ల. ఆగలేమంటే ఇంకోచోట సూసుకోండి."

కోతన్న బ్లేడు ఆపి, దాని మీద పడే నీళ్లు కట్టేశాడు. ఒక్కొక్క యంత్రమే సద్దుమణిగింది. వాన కూడా తెరిపిచ్చింది. ఆ నిశ్శబ్దంలో గుట్ట అవతల నుంచి, సంతకు కూరగాయలు కడుక్కునే వేళ కాబోలు, సన్నగా బావి మోటరు చప్పుడు వినిపించింది. ఇన్నాళ్లూ మా రొదలో ఎవరికీ వినపడని చప్పుడు. గేటు దగ్గర లారీ డ్రైవరు చెవి అటు పెట్టి, "ఎవురిదది?" అని అడిగాడు.

"ఈడ ఒకాయమ్మది" అన్నాడు కోతన్న. "వంకాయ ఏసుకుంటాది."